అరవై ఒక్క ఉత్తరాలకు ఆకు పసరు

ఆ శనివారం పొద్దున బూజు బాబాయి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడింటికల్లా కాలేజీ ల్యాబు తలుపు తీయాలి. పదకొండింటికి ఉత్తరాల పని ముగించాలి. ఇంటికెళ్లి ఇల్లు ఊడ్చి, దుప్పట్లు మార్చి, గడ్డం గీసుకుని, నాలుగింటికి బస్టాండులో నిలబడాలి. నాలుగింటి బస్సులో ఆయన భార్య దిగుతుంది. చూసి ఏడు వారాలైంది.

బూజు బాబాయి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ల్యాబులో బూజు పెంచడమే ఆయన ఉద్యోగం. "లోకమంతా బూజు దులుపుకుని బతుకుతుంటే, మా బాబాయి బూజు పెంచుకుని బతుకుతున్నాడు" అని ఆఫీసు గుమాస్తా కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు. బాబాయి నవ్వి ఊరుకుంటాడు. నవ్వి ఊరుకోవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మనసులో ఉన్నది నోటిదాకా వచ్చేసరికి సగం ఆవిరై, మిగతా సగం దగ్గుగా మారిపోయేది.

మూడేళ్లుగా ఆ ల్యాబులో సీమ అవిసె ఆకు మీద పని జరుగుతోంది. తామరకూ గజ్జికీ పెద్దవాళ్లు ఆ ఆకు నూరి పూస్తారు కనుక దానికి మెట్టతామర అని కూడా పేరుంది. ఆ ఆకు పసరుకి బూజును ఆపే శక్తి నిజంగా ఉందా, ఉంటే ఎంత ఉందో తేల్చడం హెడ్డు మేడమ్ పరిశోధన. గాజు పళ్లెంలో బూజు నాటి, పసరులో ముంచిన చిన్న కాగితపు బిళ్లను నడుమ పెడతారు. మూడో రోజుకి పళ్లెమంతా బూజు అల్లుకున్నా, బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ జాగా మిగులుతుంది. ఆ ఖాళీ ఎంత పెద్దదైతే పసరుకి అంత బలమున్నట్టు. నీళ్లలో తీసిన పసరుకి తొమ్మిది మిల్లీమీటర్లు వచ్చింది. స్పిరిట్‌లో తీసినదానికి పదిహేడు. రెండూ సగం సగం కలిపితే ఇరవై ఒకటి. స్కేలు పెట్టి కొలిచేది బాబాయి, పుస్తకంలో రాసుకునేది మేడమ్.

భార్య లెక్కల టీచరు. మూడేళ్ల కిందట ఆవిడను అయిదు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊరికి బదిలీ చేశారు. ఆవిడ అక్కడ ఒక గది, ఈయన ఇక్కడ ఒక ఇల్లు. రోజూ సాయంత్రం ఫోను.

"గ్యాసు వచ్చిందాండీ?"

"వచ్చింది."

"వంటింటి కుళాయి ఇంకా కారుతోందా?"

"లేదు, కట్టించాను."

"ఇంకేంటండీ?"

"ఏముంది, నువ్వే చెప్పాలి."

"నాకేముంటుంది."

ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఊరుకునేవారు. అటువైపు ఆవిడ గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమనేది. నిజానికి ఆ కిర్రు వినబడ్డంతసేపే బాబాయికి ఆవిడతో మాట్లాడినట్టుండేది. ఫోను పెట్టేశాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయేది.

పోయిన వారం ఫోనులో ఆవిడ కొత్త మాట ఒకటి అంది. "నేను వచ్చేసరికి అటక మీద రేకుపెట్టె దించి పెట్టండి. నా ఉత్తరాలతో పనుంది."

"ఏం పని?"

"వచ్చాక చెబుతాగా."

పెళ్లైన కొత్తలో కూడా ఆవిడకు దూరపు ఊళ్లోనే మొదటి ఉద్యోగం దొరికింది. ఆ రెండేళ్లలో ఆయనకు అరవై ఒక్క ఉత్తరాలు రాసింది. లెక్కల మనిషి కదా, ప్రతి ఉత్తరానికీ పైన వరస అంకె వేసి, విడిపోయి ఎన్ని రోజులైందో కూడా రాసేది. ఎంత చెప్పాలన్నా ఒక్కటే కాగితం. ఇప్పుడు ఆ ఉత్తరాలతో పనుందంటే మరేమిటి? ఇద్దరూ కూర్చుని చదువుకోవాలని కాకపోతే? ఈ వయసులో ఆవిడకు అలాంటి కోరిక పుట్టిందని తలుచుకునేసరికి బాబాయికి చెవులు వేడెక్కాయి. ఆ పూటే నిచ్చెన వేసుకుని అటకెక్కాడు.

పెట్టె మూత తీశాడు. అటక గోడ చెమ్మ రేకుపెట్టెలోకి దిగింది. ఉత్తరాల అడుగు అంచులన్నిటికీ తెల్లగా, నల్లగా, అక్కడక్కడా పచ్చగా బూజు. పరాయి బూజైతే బాబాయికి లెక్కలేదు. ఇది ఇంటి బూజు. సూదితో కాస్త గీకి ల్యాబుకి తీసుకెళ్లి పళ్లెంలో నాటాడు. సగం సగం పసరు బిళ్ల పెట్టాడు. మూడో రోజున స్కేలు పెట్టి కొలిస్తే ఇరవై మూడు మిల్లీమీటర్లు. మేడమ్ పుస్తకంలో కూడా అంత అంకె లేదు. పళ్లేన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "చూశావా!" అని ఎవరూ లేని ల్యాబులో పైకే అన్నాడు.

అలా శనివారం పొద్దున ఏడింటికి, సెలవురోజు కనుక ఎవరూ అడ్డు రారని, పని మొదలుపెట్టాడు. తడి కాగితాన్ని చేత్తో రుద్దితే చిరుగుతుంది. అందుకని ల్యాబుకి ఈ మూల నుంచి ఆ మూలకి తీగ కట్టి, ఒకటి నుంచి అరవై ఒకటి దాకా వరసగా క్లిప్పులు పెట్టి వేలాడదీశాడు. కింద వరసగా ట్రేలు పెట్టి పసరు పోశాడు. కాగితం అడుగు అంచు పసరును ముట్టుకుంటుంది, వత్తి నూనె పీల్చినట్టు బూజు పట్టినంత మేరా పసరు పీల్చుకుంటుంది. పావుగంట చాలు. తర్వాత తీసి ఫ్యాను కింద ఆరబెట్టడమే.

అయిదు నిమిషాలు గడిచాయో లేదో, ఫోను మోగింది. హెడ్డు మేడమ్.

"బాబాయ్! ఎక్కడున్నారు? పరిశీలకుడు సోమవారం కాదట, ఇవాళేనట! పదింటికట! ఆయన సరే అంటేనే మన పని ముందుకు సాగుతుంది, లేకపోతే మూడేళ్ల కష్టం గంగపాలు. నా గది తాళం మీ దగ్గరే ఉందిగా? కుర్చీలు తుడిపించండి. గేటు వాచ్‌మన్ నిద్ర లేచాడో లేదో చూడండి. నేను దారిలో ఉన్నా!"

మేడమ్ మంచి మనిషే. కాకపోతే ఆవిడ కంగారు పడితే చుట్టూ నలుగురు పరుగెత్తాలి. బాబాయి పరుగెత్తాడు. గది తీశాడు, కుర్చీలు తుడిచాడు, వాచ్‌మన్‌ను లేపాడు, బోర్డు మీద గట్టిగా అంటుకున్న పావురం రెట్ట గీకాడు. ఉత్తరాలు గుర్తొచ్చినప్పుడల్లా మేడమ్ నుంచి ఇంకో ఫోను వచ్చింది. చివరికి ల్యాబు వైపు ఉరుకు ఉరుకున వచ్చేసరికి పది కావస్తోంది.

తలుపు తీసి అక్కడే నిలబడిపోయాడు.

పసరు కాగితాల్లో పైదాకా పాకింది. పాకినంత మేరా బూజు లేదు, మచ్చుకైనా లేదు. అక్షరాలు కూడా లేవు. బాల్‌పెన్నుతో రాసినవాటిని స్పిరిట్ కరిగించింది, ఇంకుపెన్నుతో రాసినవాటిని నీళ్లు కరిగించాయి. సగం సగం కలిపిన బాబాయి తెలివి దేన్నీ వదిలిపెట్టలేదు. కరిగిన సిరా పసరుతో పాటు ఎగబాకి ఊదా, నీలం, గులాబీ చారలుగా విడిపోయింది. ప్రతి కాగితానికీ నెత్తిన అంకె, రోజుల లెక్క, దాని కింద ఒకటి రెండు పంక్తులు మిగిలాయి. అంతే. బూజు మీద పరీక్ష చేసుకున్నాడు గాని, సిరా మీద చేయాలని తట్టలేదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

మొదటి క్లిప్పు తీయబోయాడు. వెనక నుంచి మేడమ్ గొంతు వినబడింది.

"ఇదేనండీ మా ల్యాబు. రండి, రండి."

పరిశీలకుడు సన్నగా, పొడుగ్గా ఉన్న పెద్దాయన. కళ్లజోడు దారంతో మెడకు వేలాడుతోంది. లోపలికి అడుగుపెట్టి, ఆ మూల నుంచి ఈ మూల దాకా వేలాడుతున్న రంగుచారల కాగితాల వరస చూసి ఆగిపోయాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. మొదటి కాగితం నుంచి నెమ్మదిగా నడిచాడు.

"అరవై ఒక్క నమూనాలు," అన్నాడు చివరికి వెళ్లి. "ఒక్కొక్కదానికి వరస అంకె. రోజుల లెక్క. పసరులో ఉన్న పదార్థాలను కాగితం మీద విడదీశారన్నమాట. ఇంత ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది? ఎవరు చేశారు?"

మేడమ్‌కి అది ఏమిటో తెలియదు. కానీ మెచ్చుకోలు వినబడింది. "మా బాబాయండీ," అంది. ఒక్క క్షణం ఆగి, "నా పర్యవేక్షణలో," అని కలిపింది.

బాబాయి దగ్గాడు.

పరిశీలకుడు నాలుగో కాగితం దగ్గరికి వంగి పైకి చదివాడు. "'ఉత్తరం నాలుగు, రోజు నలభై ఒకటి. తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. రాత్రిళ్లు మరీ ఎక్కువవుతోంది.'" తలెత్తాడు. "రాత్రిళ్లు ఎక్కువవుతోందా! తామర లక్షణమే కదా ఇది. మీరు రోగుల నుంచి లక్షణాలు కూడా రాయించారా?"

"మరి... ఉత్తరాల ద్వారా తెప్పించామండీ," అంది మేడమ్, బాబాయి వైపు చూస్తూ.

"'రోజు నూటమూడు. నువ్వు వచ్చి వెళ్లిన రెండు రోజులూ హాయిగా ఉంది. మూడో రోజు నుంచి మళ్లీ మొదలు.' అంటే మందు ఆపగానే తిరగబెట్టింది. ఈ సంగతి అందరూ దాస్తారు, మీరు దాచలేదు. చాలా నిజాయితీ. 'రోజు నూటఎనభై. ఎవరికీ చెప్పుకోలేను. చెప్పుకోవాలంటే సిగ్గు.'"

"పాపం, ఎక్కడ వచ్చిందో," అంది మేడమ్ గొంతు తగ్గించి.

బాబాయి చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. 'ఇవి మా ఆవిడ నాకు రాసిన ఉత్తరాలు' అని ఆరే ఆరు మాటలు. కానీ 'నా పర్యవేక్షణలో' అన్న మేడమ్ మొహం ఎదురుగా ఉంది. పైగా ఆ పంక్తులు పరాయివాడి నోట వినబడుతున్నాయి. ఎన్నో ఏళ్ల కిందట ఒక పిల్ల ఒక్కతే కూర్చుని రాసుకున్న బాధ అది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"అన్నీ ఒకే చేతిరాత," అన్నాడు పరిశీలకుడు ఉన్నట్టుండి. "అంటే రోగి ఒక్కరే. ఈ 'నువ్వు' ఎవరు?"

మేడమ్ బాబాయిని చూసింది. బాబాయి నేలను చూశాడు. చేతిరాత ఎవరిదో ఆయన చెవులే చెప్పాయి, అంత ఎర్రబడ్డాయి.

"బాబాయ్, ఎవరావిడ?"

"మా ఆవిడండీ."

పరిశీలకుడు కళ్లజోడు తీసేశాడు. "సొంత భార్య మీద ప్రయోగమా? మనిషి మీద ప్రయోగించాలంటే అనుమతి పత్రం ఉండాలి. ఉందా?"

"లేదండీ," అన్నాడు బాబాయి. ఆ పొద్దుటి నుంచి ఆయన నోట వచ్చిన రెండో నిజం అది. అదే కొంప ముంచింది.

"రోగి ఇప్పుడెలా ఉంది?"

"బాగానే... నాలుగింటి బస్సుకి వస్తోందండీ."

"అయితే చూసే వెళతాను," అని పరిశీలకుడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఇక అక్కడి నుంచి పని బాబాయి చేతిలో లేదు. మేడమ్ ప్రిన్సిపాల్‌కి ఫోను చేసింది. ప్రిన్సిపాల్ సెలవురోజు చొక్కాలోనే వచ్చి, పక్క వీధి చర్మవైద్యురాలిని పిలిపించాడు. వైద్యురాలు ఒకటే ప్రశ్న వేసింది: "ఎన్నాళ్లుగా ఉంది?" పరిశీలకుడు అరవై ఒకటో కాగితం చూసి, "ఏడు వందల ముప్పై రోజులు," అన్నాడు. "రెండేళ్లు తగ్గని తామరా?" అని ఆవిడ సంచిలోంచి చేతితొడుగులు తీసింది. ఆ తొడుగులు తలుపు సందులోంచి వాచ్‌మన్ చూశాడు. వాచ్‌మన్ చూశాడంటే ఊరు చూసినట్టే.

మధ్యాహ్నానికి గుమాస్తా వచ్చాడు, పాత తేదీతో అనుమతి పత్రం తయారు చేయడానికి. బాబాయి భార్య పోయినసారి వచ్చినప్పుడు తన కూతురికి లెక్కలు చెప్పిందని అతనికి గుర్తొచ్చింది. గుర్తొచ్చిన మరుక్షణం నుంచి మోచెయ్యి గోక్కోవడం మొదలుపెట్టాడు. అతన్ని చూసి వాచ్‌మన్ మెడ గోక్కున్నాడు. వాచ్‌మన్‌ను మందలించడానికి వెళ్లిన ప్రిన్సిపాల్ వీపు గోడకు రుద్దుకుంటూ తిరిగొచ్చాడు. వైద్యురాలు ముగ్గురినీ చూసి, "మచ్చ ఏదీ లేదే!" అంది. "లోపల ఉందేమో!" అన్నాడు గుమాస్తా.

బాబాయికి ఇవేవీ పట్టలేదు. ఆయన కళ్లు గడియారం మీదే ఉన్నాయి. మూడున్నరకు లేచి, "బస్టాండుకి వెళ్లొస్తానండీ," అన్నాడు.

"మీరు కదలడానికి వీల్లేదు," అంది మేడమ్. "కారు పంపిస్తున్నాం."

బస్సు దిగేటప్పుడు ఆవిడకు ఒక అలవాటుంది. మెట్టు మీదే ఆగి, అందరి తలల మీదుగా ఆయన కోసం వెతుకుతుంది. కనబడగానే, కనబడనట్టు సంచి సర్దుకుంటుంది. ఆ అర నిమిషం కోసమే ఆయన ఏడు వారాలు లెక్కపెట్టాడు. ఆ అర నిమిషం ఇప్పుడు డ్రైవరు పాలైంది. బాబాయి స్టూలు మీద కూర్చుని, ట్రేలో మిగిలిన పసరును చూస్తూ, గడియారం నాలుగు కొట్టడం విన్నాడు.

బస్టాండులో జరిగింది ఆయన తర్వాత భార్య నోటే విన్నాడు. ఆవిడ మెట్టు మీద ఆగి వెతికింది. ఆయన లేడు. చేతులకు తొడుగులు వేసుకున్న డ్రైవరొకడు దూరం నుంచే, "మిమ్మల్ని కాలేజీకి తీసుకు రమ్మన్నారమ్మా," అన్నాడు. కారు సీటు మీద ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది.

"ఆయనకేమైంది?"

"నాకు తెలీదమ్మా. డాక్టరుగారు వచ్చారు, ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. అందరూ ల్యాబులోనే ఉన్నారు."

"ఆయన మాట్లాడుతున్నారా?"

"లేదమ్మా. పొద్దుటి నుంచీ ఒక్క మాట లేదట."

డ్రైవరు విన్నమాటే చెప్పాడు. కాలేజీ చేరడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో ఆవిడ వెనక సీటులో కూర్చుని ఏమేం అనుకుందో, ఏ దేవుడికి ఏం మొక్కిందో ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. కారు ఆగీ ఆగకముందే దిగి, చెప్పులు వదిలేసి, మెట్లెక్కి ల్యాబులోకి వచ్చిపడింది.

బాబాయి స్టూలు మీద నుంచి లేచాడు. ఆవిడ ఆయన్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది. మళ్లీ తల దాకా చూసింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది, కళ్లనీళ్లు జారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఏడవకండమ్మా," అన్నాడు పరిశీలకుడు మెత్తగా. "దీనికి మందుంది. కూర్చోండి. మీకిది ఎప్పటినుంచి ఉంది?"

"ఏముంది?"

"అదేనమ్మా. రాత్రిళ్లు ఎక్కువవుతుందన్నారు కదా. ఆయన వచ్చి వెళితే రెండు రోజులు తగ్గి, మళ్లీ మొదలవుతుందన్నారు," అని కాగితాల వరస వైపు చెయ్యి చూపించాడు.

ఆవిడ అటు చూసింది. తన చేతిరాత. ఒకటి నుంచి అరవై ఒకటి దాకా. ప్రిన్సిపాల్ ముందు, డాక్టరు ముందు, గుమాస్తా ముందు, వాచ్‌మన్ ముందు, క్లిప్పులు పెట్టి వేలాడుతోంది. ముందు మొహం పాలిపోయింది, తర్వాత కందగడ్డలా ఎర్రబడింది.

"నీకు బుద్ధుందా?" అంది భర్తతో. "చింపి పారేద్దామని దించి పెట్టమంటే, తెచ్చి దండెం మీద ఆరేశావా నువ్వు? ఊరందరినీ పిలిచి చదివించావా? నేను నీకు రాసుకున్న ఉత్తరాలు!"

గుమాస్తా గోకడం ఆపేశాడు. ప్రిన్సిపాల్ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. వైద్యురాలు చేతితొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి, "ఇది నా కేసు కాదు," అని సంచి మూసుకుంది. మేడమ్ కిటికీ వైపు తిరిగింది.

బాబాయి మాత్రం వెర్రివాడిలా నవ్వుతున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆయన్ని కాగితం మీదే 'నువ్వు' అంది. ఎదురుగా ఎప్పుడూ 'ఏమండీ', 'మీరు'. నోటితో 'నువ్వు' అనడం ఇదే మొదటిసారి. తిట్టైతేనేం.

పరిశీలకుడు లేచి అందరినీ బయటికి పంపించాడు. తలుపు దగ్గర ఆగి, "క్షమించమ్మా," అన్నాడు. "పదో కాగితం దగ్గరే నాకు అనుమానం వచ్చింది. తామర గురించి ఎవరూ అంత బాగా రాయరు. అయినా ఆపలేకపోయాను, నాకు ఉత్తరం వచ్చి చాలా ఏళ్లైంది." తర్వాత చాలా మర్యాదగా అడిగాడు: "ఆ జబ్బు తగ్గిందామ్మా?"

ఆవిడ తల వంచుకుంది. "తగ్గిందనే అనుకున్నానండీ. ఇందాక కారెక్కేదాకా."

అందరూ వెళ్లాక ఇద్దరూ రెండు స్టూళ్ల మీద కూర్చున్నారు. బాబాయి మంచినీళ్లు ఇచ్చాడు. ఆవిడ తాగి, గ్లాసు కింద పెట్టింది. కోపంతో పాటు 'నువ్వు' కూడా దిగిపోయింది.

"చింపడమెందుకు?" అన్నాడాయన.

"మన అమ్మాయి వచ్చే నెల వచ్చి ఇల్లు సర్దుతానంది. అటకెక్కి ఇవి చదివితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? అయినా ఇవి రాసింది నేను కాదండీ. అన్నం మానేసి ఉత్తరం రాసుకునే పిచ్చిపిల్ల ఎవరో. ఇప్పుడు చదివితే నాకే నవ్వొస్తుంది," అంది. నవ్వలేదు. "మీరు వీటిని మళ్లీ తెరిచి చూశారని కూడా నేననుకోలేదు. నేను అరవై ఒకటి రాస్తే మీరు రాసింది నాలుగు కార్డులు. 'ఇక్కడ అంతా క్షేమం. వర్షాలు బాగా పడుతున్నాయి.' నాలుగింటిలోనూ వర్షాలే."

"ఏం రాయాలో తెలిసేది కాదు. నువ్వు రాసింది చదివాక, నేను రాయడానికి ఏమీ మిగిలేది కాదు."

ఆవిడ లేచి వరస వెంట నడిచింది. ఇరవై మూడో కాగితం దగ్గర ఆగింది. 'ఇవాళ గొడుగు బస్సులో మరిచిపోయాను' అన్న పంక్తి కింద అంతా ఊదా చారలే. "ఇందులో ఏం రాశానో నాకే గుర్తులేదు," అంది. "పోనీలెండి. చింపే పని తప్పించారు."

బాబాయి కూర్చున్నచోటి నుంచే, కాగితం వైపు చూడకుండా అందుకున్నాడు. "'ఇవాళ గొడుగు బస్సులో మరిచిపోయాను. కావాలనే మరిచిపోయానేమో. తడుస్తూ నడిస్తే ఏడ్చినా ఎవరికీ తెలియదు. నువ్వు నవ్వకు. గొడుగు పక్కింటావిడది. రేపు ఆవిడకేం చెప్పాలో నువ్వే ఆలోచించి పెట్టు.'"

ఆవిడ వెనక్కి తిరిగింది. పరీక్ష పెట్టే టీచరులా కనుబొమలు ముడిచింది. "ముప్పై ఎనిమిది," అంది.

"'నీ చొక్కా గుండీ ఒకటి నా పెట్టెలో వచ్చేసింది. పంపించను. గుండీ లేని చొక్కా వేసుకున్నప్పుడల్లా నేను గుర్తు రావాలి.'"

"యాభై రెండు."

"'ఈ వారం నాకు జ్వరం. నీకు రాయకూడదనుకున్నాను. రాసేశాను. రావద్దు. వస్తే మళ్లీ వెళ్లిపోతావు, అది నాకు జ్వరం కంటే కష్టం.' దానికే నేను వచ్చాను."

"వచ్చారు," అంది ఆవిడ. "ఆ రోజు వాన ఆగకుండా కురుస్తోంది. నిలువునా తడిసి వచ్చారు. వచ్చి, 'వర్షాలు బాగా పడుతున్నాయి' అన్నారు."

ఇంకో ఆరేడు అంకెలు అడిగింది. ఆయన ఎక్కడా తడబడలేదు. కిటికీలోంచి పడుతున్న ఎండ ఒక్కో కాగితాన్నీ దాటి గోడ మీదికి వెళ్లింది. చివరికి ఆవిడ నిట్టూర్చి, క్లిప్పులు తీయడం మొదలుపెట్టింది.

"మొత్తం మీ తలలోనే ఉందన్నమాట," అంది. "ఇక చింపి ఏం లాభం!"

పరిశీలకుడి నివేదిక ఆ సాయంత్రమే మేడమ్ చేతికి వచ్చింది. పసరు బూజును పూర్తిగా అరికడుతుందని, పని కొనసాగించవచ్చని రాశాడు. రాతప్రతులకు మాత్రం వాడరాదని కింద గీత గీసి చెప్పాడు. మేడమ్ దాన్ని మూడుసార్లు చదువుకుని, సోమవారం ఉదయం బాబాయికి ఒక గంట ఆలస్యంగా రావడానికి అనుమతి ఇచ్చింది.

ఆ గంట ఆయన బస్టాండులో గడిపాడు. ఆవిడ కిటికీ పక్క సీటులో కూర్చుని, గ్యాసు గురించి, కుళాయి గురించి, పాల ప్యాకెట్ల గురించి చెప్పింది. ఆయన అన్నిటికీ తలూపాడు. కండక్టరు ఈల వేశాడు. బస్సు కదిలి, ఆయన పక్కన రెండడుగులు నడిచాక, ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క మాట అంది.

"రాయి."

రాయండి అనలేదు. ఆయన ఆ మాట పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. వెనకొచ్చిన బస్సు హారను కొడితే గాని కదల్లేదు.

ల్యాబుకొచ్చి, చేతులు కడుక్కుని, బల్ల మీద జాగా చేసుకుని కూర్చున్నాడు. ఆ పూట పళ్లేలు కడగలేదు, బూజు పెంచే అగార్ కాచలేదు. మేడమ్ రెండుసార్లు తొంగిచూసి చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి నాలుగు కాగితాలు అటూ ఇటూ నిండాయి. వాటిలో ఏం రాశాడన్నది మనకు అనవసరం.

ముందుజాగ్రత్తగా, పెన్సిలుతో రాశాడు.